ఎనిమిదో తరగతిలో బొమ్మల కథలతో పాఠం: ఎక్కడ మొదలుపెట్టాలి?

సుద్దముక్క
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్తే. పరకాల దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్తాను. ఎనిమిదో తరగతిలో 38 మంది. వాళ్లలో పది పన్నెండు మంది పుస్తకం తెరవమంటే తెరుస్తారు గానీ చూపు కిటికీ మీదే ఉంటుంది. మొన్న లైబ్రరీ బీరువా సర్దుతుంటే అట్టలూడిన అమర్ చిత్ర కథలు ఒక ఆరు దొరికాయి. బల్ల మీద పెట్టి హాజరు తీసుకునేలోపు రెండు మాయం. ఎవరా అని చూస్తే ఆ కిటికీ బ్యాచే! చివరి పీరియడ్ దాకా తిరిగి ఇవ్వలేదు.

అప్పట్నుంచి ఇదే ఆలోచన. కామిక్స్, గ్రాఫిక్ నవలలు (బొమ్మల్లోనే సాగే పెద్ద కథలు) పెట్టి నిజంగా పాఠం చెప్పొచ్చా, లేక పిల్లలు బొమ్మలు చూసి పేజీలు తిప్పేస్తారా? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. ముందే చెప్తున్నా, నాకు బొమ్మలు రావు. బోర్డు మీద ఆవును గీస్తే కుక్క అన్నారు.

కాజీపేట జంక్షన్
శనివారం, రాత్రి 9:50

మేడం, నేను ఇంగ్లిష్ చెప్తాను, మూడేళ్లుగా చేస్తున్నాను. మొదటి నెల ఎవరితోనూ బొమ్మ గీయించకండి, చదివించండి చాలు. మనం చేసే తప్పు ఏంటంటే, కామిక్ అనగానే చార్టులు, స్కెచ్ పెన్నులు బయటికి తీస్తాం. బొమ్మ చదవడం కూడా ఒక చదువే, అది కూడా నేర్పాలి.

నేను మొదటి రోజు చేసేది ఇది. ఒకే ఒక పేజీ తీసుకుంటాను. మాట బుడగలన్నిటి మీదా తెల్ల కాగితం ముక్కలు అంటించి జిరాక్స్ తీయిస్తాను. ఇద్దరికి ఒకటి ఇచ్చి, "ఎవరు ఏమంటున్నారో రాయండి" అంటాను. ముఖం, చెయ్యి, నిలబడిన తీరు చూడకుండా ఒక్క బుడగ కూడా నింపలేరు. తర్వాత అసలు పేజీ చూపిస్తే పోల్చుకుని వాళ్లే వాదించుకుంటారు. నాకు నలభై నిమిషాలు సరిపోలేదు.

రెండో రోజు గడులు, అంటే ఒక్కో బొమ్మ ఉండే చట్రాలు, కత్తిరించి కలిపేసి ఇస్తాను, వరుసలో పెట్టాలి. కొన్ని గడులు రెండు చోట్లా సరిపోతాయి. అక్కడే అసలు పాఠం.

మూడో రోజు సందు. గడికీ గడికీ మధ్య ఉండే ఆ తెల్ల జాగాను ఇంగ్లిష్‌లో గటర్ అంటారు. నేను సందు అంటే పిల్లలు గల్లీ అని పేరు మార్చారు, అదే ఖాయమైపోయింది. మొదటి గడిలో ఒకడు గొడ్డలి ఎత్తాడు, రెండో గడిలో ఊరి మీద చీకటి, ఒక కేక. దెబ్బ ఎవరు కొట్టారు? ఏ గడిలోనూ లేదు, చదివేవాడే ఆ గల్లీలో కొట్టాడు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్ రూపంలోనే ఒక పుస్తకం వేశాడు, దాంట్లో ఇది ఇట్లాగే వివరిస్తాడు. గొడ్డలి ఉదాహరణ కూడా ఆయనదే. అది టీచర్లు చదవాల్సింది, పిల్లలకు కాదు.

పదవీ విరమణ పంతులు
శనివారం, రాత్రి 10:31

ముప్పై నాలుగేళ్లు హనుమకొండ చుట్టుపక్కల బళ్లల్లో పనిచేసి చెప్తున్నాను. ఎనిమిదో తరగతికి వచ్చి పద్యం తప్పుల్లేకుండా చదవలేనివాడికి బొమ్మల పుస్తకం ఇస్తే వాడు అక్షరం జోలికి పోతాడా? మేమూ చందమామ చదివాం. శంకర్ గీసిన విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడవడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. కానీ పేజీకి ఒక బొమ్మ, మిగతాదంతా అక్షరాలు. బొమ్మ కోసం మొదలుపెట్టినా కథ కోసం అక్షరాలే చదవాల్సి వచ్చేది. ఇప్పుడు మీరు చెప్పేదాంట్లో అక్షరం ఎక్కడుంది?

కాజీపేట జంక్షన్
శనివారం, రాత్రి 10:48

సార్, ఈ భయం కొత్తది కాదు. 1954లో అమెరికాలో ఫ్రెడరిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్స్ వల్ల పిల్లలు చెడిపోతున్నారని పుస్తకం రాశాడు. సెనేట్ దాకా పోయింది. ప్రచురణకర్తలు భయపడి తమకు తామే కామిక్స్ కోడ్ అనే కట్టుబాట్లు పెట్టుకున్నారు. చాలా ఏళ్ల తర్వాత ఆయన కాగితాలు బయటికొస్తే, కారల్ టిల్లీ అనే పరిశోధకురాలు వాటిని వెతికి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తనకు కావాల్సినట్టు మార్చుకున్నాడని 2012లో చూపించింది. ఇంకోపక్క ఆర్ట్ స్పీగెల్‌మాన్ యూదుల ఊచకోత మీద గీసిన 'మౌస్' 1992లో పులిట్జర్ బహుమతి తెచ్చుకుంది. బొమ్మల పుస్తకమైనంత మాత్రాన తేలిక చదువు అనుకోలేం.

పదవీ విరమణ పంతులు
శనివారం, రాత్రి 10:55

పులిట్జర్ సరే. నేను అడిగింది అమెరికా సంగతి కాదు, పరకాల సంగతి. మేడం గారి పన్నెండు మంది అక్షరం దగ్గరికి ఎట్లా వస్తారు?

బొమ్మలన్న కరీంనగర్
ఆదివారం, ఉదయం 7:20

పంతులు సార్ అడిగింది న్యాయమైన ప్రశ్న. నేను డ్రాయింగ్ టీచర్ని, నాకు తెలిసిన సంగతి చెప్తాను.

బుడగలో జాగా తక్కువ. పిల్లవాడు నాలుగు ముక్కల్లో చెప్పాలి. మామూలు వ్యాసంలో "పూర్వం ఒక ఊరిలో" అని మొదలుపెట్టి సగం పేజీ నింపేవాడు ఇక్కడ ఒక్కో మాట దగ్గర ఆగుతాడు. రాయడం, కొట్టేయడం, మళ్లీ రాయడం. కొట్టివేతలు అంత ఇష్టంగా చేసే క్లాసు నేను ఇంకోటి చూడలేదు.

ఒక్క విషయం మాత్రం ఎవరూ చెప్పరు, నేను దెబ్బతిని నేర్చుకున్నా. ఇంగ్లిష్ కామిక్స్‌లో అన్నీ పెద్దక్షరాలు, ఒకే ఎత్తు, వరుసలు దగ్గర దగ్గరగా పడతాయి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. "రాష్ట్రం" అని రాస్తే ఒక వరుసకు రెండు వరుసల జాగా కావాలి. పిల్లలు ముందు ముద్దుగా గుండ్రటి బుడగ గీసి, దాంట్లో మాట ఇరికించబోతారు. చివరికి "వస్తున్నాను" లోని "ను" బుడగ దాటి పక్కవాడి చెవిలోకి పోతుంది. అందుకే నా క్లాసులో వరుస ఇది: ముందు పెన్సిల్‌తో మాట, దాని చుట్టూ బుడగ, ఆ తర్వాతే మనిషి. మనిషిని మెడ దాకా కోసేసినా నష్టం లేదు, మాట తెగితే కథ పోతుంది.

ఇంకోటి. ముందు మాట్లాడేవాడు ఎడమ పక్క ఉండాలి, లేదా వాడి బుడగ పైన ఉండాలి. ఇది చెప్పకపోతే జవాబు ముందు, ప్రశ్న తర్వాత వస్తుంది.

గీత రాని వాళ్లకు గుండు, గీత కాళ్లు చాలు. మేడం, మీ ఆవుకు కొమ్ములు పెద్దగా పెట్టండి, సరిపోతుంది.

సుద్దముక్క
ఆదివారం, ఉదయం 8:05

కొమ్ములు పెట్టాను అన్నా. దుప్పి అన్నారు.

చేరియాల పిల్ల
ఆదివారం, ఉదయం 11:14

అక్కా, మీరంతా అమెరికా దాకా పోయి వచ్చారు గానీ, ఇక్కడికి రెండు గంటల దారిలో చేరియాల ఉంది. 2016 దాకా వరంగల్ జిల్లానే, ఇప్పుడు సిద్దిపేటలో ఉన్నాం. నకాషీ వాళ్లు గీసే పటం చూశారా? మూడడుగుల వెడల్పు, పొడవు 40 అడుగులు దాటినవి కూడా ఉండేవి. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి పట్టించి, ఎర్రటి నేల మీద అడ్డంగా వరుసలు వరుసలుగా బొమ్మలు. వరుసకూ వరుసకూ మధ్య పూలతీగ. మీరు గల్లీ అంటున్నారే, అది మా దగ్గర పూలతీగ.

పటం కథ చెప్పేవాళ్లు దాన్ని వేలాడదీసి, చుట్ట విప్పుకుంటూ, కర్రతో బొమ్మ చూపిస్తూ రాత్రంతా పాడేవాళ్లు. ఒక్కో కులానికి ఒక్కో కథ, దాన్ని చెప్పేవాళ్లు వేరు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం కూనపులి వాళ్లు చెప్పేది, గొల్లలకు కాటమరాజు కథ మందహెచ్చుల వాళ్లు, ముదిరాజులకు పాండవుల కథ కాకిపడగల వాళ్లు.

ఒకటి గమనించండి. పటంలో మాట బుడగ ఉండదు. మాట అంతా చెప్పేవాడి నోట్లోనే. మీ కాజీపేట సార్ తెల్ల కాగితం అంటించి బుడగలు దాచారు గదా, పటంలో అవి మొదటి నుంచీ లేవు. ఒక పటం ఫొటో చూపించి పిల్లల్తో కథ చెప్పించండి. వాళ్లలో కొందరి ఇండ్లల్లో తాతలకు ఆ కథలు ఇంకా తెలిసే ఉంటాయి.

కాజీపేట జంక్షన్
ఆదివారం, మధ్యాహ్నం 12:02

ఇన్నేళ్లు జనగామ మీదుగా సిద్దిపేట పోతూ వస్తూ మీ ఊరు దాటాను, ఒక్కసారి దిగలేదు. సిగ్గేస్తోంది.

ఇదే వరసలో ఒక పుస్తకం గుర్తొచ్చింది: 'భీమాయన', 2011లో నవయాన అనే ప్రచురణ సంస్థ వేసింది. అంబేడ్కర్‌కు చిన్నప్పుడు బడిలో నీళ్లు తాగనివ్వని కథతో మొదలవుతుంది. గీసింది దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్, ప్రధాన్ గోండు చిత్రకారులు. చతురస్రపు గడుల్లో మనుషులను బంధించడం వాళ్లకు ఇష్టం లేదు, అందుకే గడులే లేవు. బుడగలు చూడండి: మెత్తగా మాట్లాడేవాళ్ల మాటలు పిట్ట ఆకారంలో ఉంటాయి. విషం కక్కే మాటలకు తేలు కొండి. మనసులో అనుకునేవాటికి ఒక కన్ను. ఈ మూడూ బోర్డు మీద గీసి, "మీ ఇంట్లో తేలు బుడగ ఎవరిది?" అని అడిగాను. నవ్వులు ఆగడానికి ఐదు నిమిషాలు పట్టింది. తర్వాత ఒకమ్మాయి నవ్వకుండా చెయ్యెత్తింది. ఆమె చెప్పింది ఇక్కడ రాయను. అట్లాంటి ప్రశ్న వేసే ముందు కొంచెం ఆలోచించుకోండి.

ములుగు సైన్స్ మేడం
ఆదివారం, మధ్యాహ్నం 3:40

బడి పాఠాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన దీక్ష పోర్టల్‌లో సీబీఎస్‌ఈ వాళ్లు 2021లో పెట్టిన కామిక్స్ వందకు పైగా ఉన్నాయి, మూడు నుంచి పన్నెండో తరగతి దాకా. డిజిటల్ బోర్డు ఉంటే గడి గడికీ పెద్దది చేసి చూపొచ్చు, కరెంటు ఉంటే. తెలుగు బొమ్మల కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ చూడండి. దించుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు, వాళ్ల లైసెన్సే అనుమతిస్తుంది. కొన్న పుస్తకాన్ని మొత్తం జిరాక్స్ తీసి పంచడం వేరు, అది చేయకండి. 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ల చిన్న పుస్తకాలు కూడా లైబ్రరీ గ్రాంటులో తేలిగ్గా వస్తాయి.

ఒక్క మాట: పాఠ్యపుస్తకంలోని పేరాను బుడగలో పోస్తే కామిక్ అయిపోదు. రక్తకణం నిలబడి "నేను ఎర్ర రక్తకణాన్ని, నాలో హిమోగ్లోబిన్ ఉంటుంది" అంటే అది బొమ్మ పక్కన పాఠమే. నేనూ మొదటి ఏడాది అదే చేయించాను లెండి.

నర్సంపేట నాన్న
ఆదివారం, సాయంత్రం 6:18

నేను టీచర్ని కాదు. మా బాబు తొమ్మిదో తరగతి. గ్రాఫిక్ నవల అని ఫోన్‌లో ఏదో చదువుతుంటే చూశాను, కత్తులు, నెత్తురు, ఇంకా చెప్పలేనివి. బొమ్మల పుస్తకం కదా అని వదిలేస్తే ఎట్లా?

కాజీపేట జంక్షన్
ఆదివారం, సాయంత్రం 6:45

కరెక్టు అన్నా. గ్రాఫిక్ నవల అంటే పిల్లల పుస్తకం అని అర్థం కాదు. 'మౌస్' గానీ, మర్జానె సత్రాపి 'పెర్సెపొలిస్' గానీ గొప్పవే, కానీ ఎనిమిదో తరగతికి మొత్తం పుస్తకం నేను ఇవ్వను. టీచర్ చివరి పేజీ దాకా చదవకుండా ఏ పుస్తకమూ క్లాసులోకి పోకూడదు. రాతలో ఒక వాక్యం మీద నుంచి కళ్లు జారిపోవచ్చు, బొమ్మ మీద నుంచి జారవు.

సుద్దముక్క
ఆదివారం, రాత్రి 9:30

చాలా థాంక్స్ అందరికీ. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి మార్కులు. రెండోది భాష. నా పిల్లలు మాట్లాడేది "ఏడికి పోతున్నవే", "గట్లనే చేస్తడు". బుడగలో అదే రాస్తే ఎర్రపెన్ను పెట్టాలా వద్దా?

పదవీ విరమణ పంతులు
ఆదివారం, రాత్రి 9:52

పెట్టాలి. పరీక్ష పేపర్లో "గట్లనే" అని రాస్తే దిద్దేవాడు ఊరుకోడు.

చేరియాల పిల్ల
ఆదివారం, రాత్రి 10:10

సార్, సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి తెలంగాణ భాషా దినోత్సవం జరుపుతాం, దండలు వేస్తాం, ఉపన్యాసాలు ఇస్తాం. పదో తారీఖు పిల్లవాడు "పోతున్న" అని రాస్తే దాని కింద ఎర్రగీత. ఎట్లా సార్?

బొమ్మలన్న కరీంనగర్
ఆదివారం, రాత్రి 10:26

దీనికి కామిక్‌లోనే దారి ఉంది. గడి పైన ఒక పెట్టె ఉంటుంది చూడండి, "మరునాడు ఉదయం" అని రాసేది. అది కథ చెప్పేవాడి గొంతు, అక్కడ పుస్తక భాష. బుడగ ఆ మనిషి నోరు, అక్కడ ఇంటి భాష. రెండూ ఒకే గడిలో ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడ వాడాలో వేరే చెప్పక్కర్లేదు. ఒక పిల్లాడు పైన పెట్టెలో "తాతగారు కోపించారు" అని రాసి, బుడగలో "ఓరి నీ తల్లి గాడ్దికొడక" అని రాశాడు. హెడ్మాస్టర్‌కు చూపించలేదు గానీ, ఎక్కడ ఏ భాషో వాడికి తెలిసినంత మా స్టాఫ్ రూమ్‌లో సగం మందికి తెలియదు.

తెలుగు వ్యాకరణంలో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం చెప్తారు కదా మేడం. బుడగ ప్రత్యక్షం. దాన్ని పరోక్షంలోకి మార్చి పెట్టెలో రాయమనండి. ఆ పాఠం నాకు బడిలో ఉన్నప్పుడు అర్థం కాలేదు, బొమ్మల్లో చూశాకే తలకెక్కింది.

చప్పుళ్లు కూడా వదలొద్దు. ఇంగ్లిష్ పుస్తకాల్లో బూమ్, క్రాష్ అని ఉంటే పిల్లలు అవే రాస్తారు. మనకు ఎన్ని ఉన్నాయి! కుండ భళ్లున పగులుతుంది, మనిషి దబ్బున పడతాడు, తలుపు కిర్రుమంటుంది, పాము బుసబుసలాడుతుంది. ఒక పీరియడ్ మొత్తం చప్పుళ్ల మీదే గడిపాను, పక్క క్లాసు మేడం వచ్చి తిట్టి పోయింది.

కాజీపేట జంక్షన్
ఆదివారం, రాత్రి 10:40

మార్కుల సంగతి: ఫార్మేటివ్ అసెస్‌మెంట్‌లో ప్రాజెక్టు పని ఉంది, రాత పని ఉంది, రెండింటిలో దేనికైనా పెట్టుకోవచ్చు. బొమ్మ అందానికి సున్నా మార్కులని మొదటి రోజే చెప్పేయండి, లేకపోతే బాగా గీసే ముగ్గురు పిల్లలే క్లాసును ఏలేస్తారు. నేను చూసేది వరుస తెలుస్తోందా, ఎవరు మాట్లాడుతున్నారో తెలుస్తోందా, గల్లీలో ఏం వదిలారు అన్నవే.

మొదటిసారి నాలుగు గడులు మించనివ్వకండి. ఏ4 కాగితం రెండుసార్లు మడిస్తే నాలుగు గడులు వాటంతటవే వస్తాయి. శరద్ శర్మ మొదలుపెట్టిన వరల్డ్ కామిక్స్ ఇండియా వాళ్లు ఊళ్లలో మామూలు జనంతో గీయించే గోడ కామిక్స్ కూడా నాలుగు గడులవే, రెండు ఏ4 కాగితాలు అతికించి, జిరాక్స్ తీసి గోడలకు అంటిస్తారు. గీసేవాడి ఊరి సమస్యే కథ.

ఇంకో మాట. నా క్లాసులో చూపు సరిగా లేని అమ్మాయి ఉంది. పక్కన కూర్చున్న పిల్ల గడి గడికీ చూసి చెప్తుంది, ఈ అమ్మాయి ప్రశ్నలు వేస్తుంది: "తలుపు ఎంత తెరిచి ఉంది? వాడు ఎవరి దిక్కు చూస్తున్నాడు?" చూపు ఉన్నవాళ్లెవరూ అంత వివరంగా చూడలేదు.

సుద్దముక్క
మూడు వారాల తర్వాత, శనివారం, రాత్రి 8:47

చెప్పినట్టే చేశాను. మొదటి వారం బుడగలు దాచిన పేజీ, రెండో వారం పటం ఫొటో. కాటమరాజు పేరు చెప్పగానే ఒక అబ్బాయి "మా తాతకు వస్తది మేడం" అన్నాడు. తాతను ఇంకా పిలవలేదు, పత్తి పనులు అయ్యాక వస్తానన్నాడట.

ఈ వారం నాలుగు గడులు. "మీరు కళ్లారా చూసింది గీయండి" అన్నాను. 38లో 31 వచ్చాయి. సగం సూపర్ హీరోలే, కళ్లారా చూశారట! ఒకటి మాత్రం మీకు చెప్పాలి. కిటికీ బ్యాచ్‌లో ఒకడు, పరీక్షలో రెండు లైన్లు దాటి రాసిన గుర్తు లేదు.

మొదటి గడి: ట్రాలీ ఆటో, దాని మీద కొండంత పత్తి, పత్తి మీద తండ్రి, కొడుకు. పైన పెట్టెలో "తెల్లవారుజామున నాలుగు గంటలకు". రెండో గడిలో మనిషి లేడు. ఒక చెయ్యి పత్తిలో ముంజేతి దాకా దిగి ఉంది. బుడగ: "తేమ ఉంది". మూడో గడిలో మాట లేదు, తండ్రి ముఖం, అది కూడా పక్క నుంచి. నాలుగో గడి: ఖాళీ ట్రాలీ, కొడుకు చేతిలో మిర్చి బజ్జీ. బుడగ: "నువ్వు తినవా నాయిన?"

దాన్ని బోర్డుకు అంటించి అందరినీ అడిగాను, రెండో గడికీ మూడో గడికీ మధ్య గల్లీలో ఏం జరిగింది? ఒకడు "రేటు కోసిండ్రు" అన్నాడు. ఇంకో అమ్మాయి "వాళ్ల నాయిన బతిమిలాడిండు" అంది. "లేదు, బతిమిలాడితే నోరు తెరిచి ఉండాలె, నోరు మూసి ఉంది చూడు" అని ఇంకొకడు. గీసినవాణ్ని అడిగితే, "అది గూడ గీయాల్నా మేడం? అందరికీ తెలుసు గద" అన్నాడు.

"నాయిన" కింద ఎర్రగీత పెట్టలేదు సార్. "తెల్లవారుజామున" తప్పు లేకుండా రాశాడు, పక్కవాణ్ని అడిగి.

ములుగు సైన్స్ మేడం
శనివారం, రాత్రి 9:03

ఆ మూడో గడి మీద వాడికి ఎన్ని మార్కులు వేశారు?

సుద్దముక్క
శనివారం, రాత్రి 9:06

ఇంకా వేయలేదు మేడం. ఎట్లా వేయాలో తెలియలేదు.

పదవీ విరమణ పంతులు
శనివారం, రాత్రి 9:41

31 మందిలో ఒక్కడు మేడం, అది మర్చిపోవద్దు. మిగతా సూపర్ హీరోల సంగతేంటో కూడా చూడండి.

ఒక్కటి అడుగుతాను. ఆ రెండో గడిలో చెయ్యి. వేళ్లకు ఉంగరాలు గీశాడా?

సుద్దముక్క
శనివారం, రాత్రి 9:58

నేను చూడలేదు సార్, మీరు అడిగాక కాగితం మళ్లీ తీశాను. వేళ్లే లేవు. సోమవారం అడుగుతాను.

సుద్దముక్క
సోమవారం, సాయంత్రం 5:15

అడిగాను. "వేళ్లు పత్తిల ఉన్నయి గద మేడం, ఎట్ల కనవడ్తయి" అన్నాడు. ఉంగరాలు ఉన్నాయా అంటే, ఉన్నాయన్నాడు, మూడు.